చిన్న క్యాబినెట్‌లో ఓవర్‌క్లాకింగ్: కూలర్ ఎలా ఎంచుకోవాలి

చిన్న క్యాబినెట్‌లో ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే వేగంగా నడపడం) కోసం కూలర్ కొనాలనుకోగానే చాలామంది "బెస్ట్ లో ప్రొఫైల్ కూలర్", అంటే ఎత్తు తక్కువుండేది, అని వెతకడం మొదలుపెడతారు. పెద్ద టవర్ క్యాబినెట్‌కైతే ఆ పద్ధతి నడుస్తుంది, అందులో ఏది పెట్టినా పడుతుంది, గాలికీ కొదవ ఉండదు. పది పదిహేను లీటర్ల డబ్బాకి మాత్రం ఈ వరస తిరగేయాలి, కూలర్‌ని చివర్లో చూడాలి. ప్రాసెసర్‌ని ఎన్ని వాట్లు తిననిస్తారో ముందు తేల్చుకోండి, తర్వాత క్యాబినెట్‌లో ఎన్ని మిల్లీమీటర్లు ఖాళీ ఉందో చూడండి. ఈ రెండూ తెలిశాక కూలర్ల జాబితా దానంతటదే నాలుగైదుకి తగ్గిపోతుంది, అప్పుడు ధర, శబ్దం చూసి ఒకటి తీసుకోవచ్చు.

వాట్లతో మొదలుపెడదాం

కూలర్ అట్టపెట్టె మీద "180 వాట్స్ టీడీపీ" లాంటిది (ఎంత వేడిని మోస్తుందో చెప్పే అంకె) రాసి ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఏ ప్రాసెసర్ మీద, ఎంత వేడి గదిలో, ఫ్యాన్ ఎంత స్పీడులో తిరుగుతుంటే ఆ అంకె వచ్చిందో పెట్టె మీద ఉండదు. నోక్టువా అయితే వాట్ల అంకె వదిలేసి, తన కూలర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూసుకునేలా సొంత రేటింగ్ ఇస్తుంది, అదే నయం.

ప్రాసెసర్ మీద రాసే టీడీపీ కూడా అసలు ఖర్చు కాదు. ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో 65 వాట్ల చిప్ 88 దాకా లాగుతుంది, 105 అన్నది 142 దాకా, 120 అన్నది 162 దాకా, 170 అన్నది 230 దాకా. దీన్ని పీపీటీ అంటారు, మన కూలర్ మోయాల్సిన బరువు ఇదే. ఇంటెల్‌లో ఇలాంటిదే పీఎల్2: ఐ5 14600కెకి 181 వాట్లు, ఐ9 14900కెకి 253. చాలా మదర్‌బోర్డులు పాత బయోస్‌లలో (బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రామ్) ఆ హద్దు కూడా ఎత్తేసి 4095 వాట్లు అని పెట్టి పంపేవి, అంటే చిప్ ఎంత తాగితే అంత పోయమని అర్థం. ఇంటెల్ 13, 14 తరాల చిప్ మీ దగ్గరుంటే ఇంకేం చేసే ముందైనా బయోస్ అప్‌డేట్ చేసేయండి, 2024లో వచ్చిన మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు లేకుండా వాటితో ఓవర్‌క్లాకింగ్ జోలికి పోవద్దు.

ఇప్పుడు ఓవర్‌క్లాక్ చేస్తే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. చిప్ తినే కరెంటు ఇంచుమించు వోల్టేజీ వర్గానికి, ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు పెరుగుతుంది. 5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.2 వోల్టులతో నడిచే చిప్‌ని 5.2కి లేపడానికి 1.3 వోల్టులు ఇవ్వాల్సి వచ్చిందనుకోండి. స్పీడు పెరిగింది 4 శాతం, వేడి పెరిగింది సుమారు 22 శాతం. పెద్ద క్యాబినెట్‌లో ఆ 22 శాతాన్ని ఎలాగోలా బయటికి తోసేయొచ్చు. చిన్నదాంట్లో అదంతా ఫ్యాన్ మోత రూపంలో మీ చెవికి చేరుతుంది, లేదా చిప్ తనంతట తానే స్పీడు తగ్గించుకుని మీ శ్రమ మొత్తం వృథా చేస్తుంది.

అందుకే చిన్న క్యాబినెట్‌లో ఓవర్‌క్లాకింగ్ అంటే నా దృష్టిలో వోల్టేజీ తగ్గించి స్పీడు రాబట్టడమే. ఏఎండీలో పీబీఓ (చిప్ తనంతట తానే స్పీడు ఇంకా పెంచుకోనిచ్చే సెట్టింగు) ఆన్ చేసి, వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10, మైనస్ 15 అంటూ నెమ్మదిగా దించుతూ పోతే, అదే 88 వాట్లలో చిప్ ఇదివరకటి కంటే ఎక్కువ స్పీడు పట్టుకుంటుంది. అన్ని కోర్లకీ కలిపి 5.4 గిగాహెర్ట్జ్ అని గట్టిగా లాక్ చేసే పాత పద్ధతి ఈ సైజులో దండగ.

ఇంకో విషయం, వాట్లు ఒకటే అయినా అన్ని చిప్‌లూ ఒకేలా వేడెక్కవు. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో కోర్లుండే సిలికాన్ ముక్క 70 చదరపు మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఇంటెల్ ఐ9 13900కెది 257. ఎనిమిది కోర్ల రైజెన్‌లో ఆ వేడిలో సింహభాగం ఆ చిన్న ముక్కలోంచే బయటికి రావాలి, దానికి తోడు పైనున్న లోహపు మూత మందం. అందుకే రైజెన్‌లో మీటర్ 90 దాటినా కూలర్‌ని చేత్తో తాకితే అంత వేడిగా ఉండదు. వేడి కూలర్ దాకా రావడమే ఇక్కడ ఇబ్బంది, అలాంటప్పుడు ఇంకాస్త పెద్ద కూలర్ కొన్నా తగ్గేది నాలుగైదు డిగ్రీలే కావచ్చు. ఏఎం5 చిప్‌లు 95 డిగ్రీల దాకా నడిచేలానే తయారయ్యాయి, 7800ఎక్స్3డి లాంటి కొన్నిటికి మాత్రం ఆ హద్దు 89. కాబట్టి 85 కనబడగానే టెన్షన్ పడనక్కర్లేదు.

ఎత్తు ఎలా కొలవాలి

క్యాబినెట్ కంపెనీ పేజీలో "సీపీయూ కూలర్ హైట్" అని ఒక అంకె ఉంటుంది. మదర్‌బోర్డుకి బిగించిన ప్రాసెసర్ పైమూత నుంచి పక్క ప్యానెల్ లోపలి అంచు దాకా ఉండే దూరం అది. ఆ అంకె గరిష్ఠం. బ్రాకెట్లు, దుమ్ము ఫిల్టర్, గాజు ప్యానెల్ లాంటివి దాన్ని తగ్గించొచ్చు, గ్రాఫిక్స్ కార్డుని నిలువుగా పెట్టినా తగ్గొచ్చు. పాత క్యాబినెట్ చేతిలో ఉంటే స్టీల్ స్కేలు పెట్టి మీరే కొలవండి, పేజీలో రాసిన దానికీ మీకు వచ్చిన దానికీ తేడా ఉంటే చిన్న అంకెనే నమ్మండి.

కొన్ని క్యాబినెట్లలో ఈ ఎత్తు మారుతుంది కూడా. ఫ్రాక్టల్ టెర్రాలో మధ్య గోడని అటూ ఇటూ జరపొచ్చు, కూలర్‌కి 48 నుంచి 77 మి.మీ. దాకా దొరుకుతుంది, గ్రాఫిక్స్ కార్డు మందానికి 72 నుంచి 43. రెండూ కలిపితే ఎప్పుడూ 120. మీ కార్డు 60 మి.మీ. మందం ఉంటే కూలర్‌కి మిగిలేది 60 లోపే, కాబట్టి ముందు కార్డు మందం కొలవండి, తర్వాతే కూలర్ గురించి ఆలోచించండి. మొదటి తరం డ్యాన్ ఏ4లో అయితే బేరమే లేదు, 48 మి.మీ., అంతే.

ఇక ఏ ఎత్తుకి ఏమొస్తుందో చూద్దాం. ఇక్కడ చెప్పే వాట్లు నా అంచనా, గది 30 డిగ్రీలు ఉండి, ఫ్యాన్ మోత భరించేలా ఉండాలనుకుని చెబుతున్నవి.

37 మి.మీ.లో నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9 ఉంది, ఇంటెల్‌కి ఒకటి, ఏఎండీకి ఒకటి. ముచ్చటగా ఉంటుంది కానీ ఓవర్‌క్లాకింగ్‌కి పనికిరాదని కంపెనీయే చెబుతుంది. 65 వాట్ల చిప్ పెట్టి, వోల్టేజీ తగ్గించి వాడుకునేవాళ్ల కోసం అది. 47 మి.మీ. దొరికితే థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 చూడండి, మొత్తం రాగితో చేసిన రకం కూడా ఉంది, బరువు ఎక్కువే గానీ ఈ సైజులో 88 వాట్లు మోయడానికి నేనైతే దాన్నే తీసుకుంటాను. 65-70 మి.మీ. దాటిందంటే ఆట మారిపోతుంది, 120 మి.మీ. ఫ్యాన్ పడుతుంది కాబట్టి. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ120-ఎక్స్67, 70 మి.మీ. ఎత్తుండే నోక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ ఈ వరసలోవి. వీటితో 100-120 వాట్ల దాకా హాయిగా వెళ్లొచ్చు. రైజెన్ 7 9700ఎక్స్‌ లాంటిదానికి సరిగ్గా సరిపోయే జాగా ఇది. ఆ చిప్ పుట్టుకతో 65 వాట్లది, బయోస్‌లో 105 వాట్ల మోడ్ కూడా ఏఎండీయే ఇచ్చింది, దాన్ని ఎంచుకుంటే వారంటీకి ఢోకా లేదు, కాకపోతే అప్పుడు పైన చెప్పినట్టు 142 దాకా లాగుతుంది, ఈ కూలర్లకి అది ఎక్కువే. పీబీఓ అలా కాదు, దానివల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదని గుర్తుంచుకోండి.

110 నుంచి 125 మి.మీ. మధ్యలో నోక్టువా ఎన్‌హెచ్-డీ9ఎల్, ఎన్‌హెచ్-యూ9ఎస్ లాంటి చిన్న టవర్లు ఉన్నాయి. 150 దాటితే మాత్రం నిజమైన ఓవర్‌క్లాకింగ్ మొదలవుతుంది. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 18 లీటర్లదే, అయినా 155 మి.మీ. కూలర్ పడుతుంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ఎత్తు కూడా సరిగ్గా 155, ఫాంటమ్ స్పిరిట్ 120 ఎస్ఈ 154. రెండు టవర్లు, రెండు ఫ్యాన్లు, ధర చూస్తే మాత్రం కొన్ని లో ప్రొఫైల్ కూలర్ల కంటే తక్కువ. నన్నడిగితే, ఓవర్‌క్లాకింగ్ మీద నిజంగా మనసున్నవాళ్లు ఎనిమిది లీటర్ల క్యాబినెట్ మోజు వదిలేసి ఈ సైజుకి రావాలి, ఖరీదైన లో ప్రొఫైల్ కూలర్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పట్టేకంటే పది లీటర్లు పెంచుకోవడం మేలు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. రెండు టవర్ల కూలర్‌లో ముందు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తుంది. మీ ర్యామ్ స్టిక్ పొడుగ్గా ఉంటే ఫ్యాన్‌ని క్లిప్పు మీద పైకి జరపాల్సి వస్తుంది, అది టవర్ కంటే ఎంత పైకి వస్తే కూలర్ మొత్తం ఎత్తు అంత పెరుగుతుంది. 155 ఎత్తు కూలర్‌లో ఫ్యాన్ టవర్ కంటే 10 మి.మీ. పైకి లేచిందంటే ప్యానెల్ మూత పడదు. లైట్లున్న ర్యామ్ 44 మి.మీ., కొన్నయితే 50 కూడా దాటతాయి. లైట్లు లేని మామూలు ర్యామ్ 31 నుంచి 35. చిన్న క్యాబినెట్‌కి ఆ మామూలుదే తీసుకోండి, లైట్లు ఎలాగూ కూలర్ కింద కనబడవు.

గాలి ఎటు వెళ్తుంది

టవర్ కూలర్ గాలిని అడ్డంగా తోస్తుంది, వెనక ఫ్యాన్ దాన్ని అందుకుని బయటికి పంపుతుంది. లో ప్రొఫైల్ కూలర్ గాలిని మదర్‌బోర్డు మీదికి కిందికి ఊదుతుంది, దానివల్ల వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం), ర్యామ్, ఎం.2 ఎస్ఎస్‌డీ చల్లబడతాయి, మినీ ఐటీఎక్స్ బోర్డుల మీద హీట్‌సింకులు చిన్నవి కాబట్టి అది మామూలు లాభం కాదు. కానీ ఆ ఫ్యాన్‌కి గాలి పక్క ప్యానెల్‌లోంచే రావాలి. ప్యానెల్ గాజుదై, ఫ్యాన్‌కీ దానికీ మధ్య ఐదు మిల్లీమీటర్లు కూడా లేకపోతే ఊపిరాడదు. జాలీ ప్యానెల్ అయితే దగ్గరగా ఉండటమే మంచిది. ఫ్యాన్‌కీ జాలీకీ మధ్య ఒక సెంటీమీటరో రెండో ఖాళీ ఉంటే ఆ సందులోంచి లోపలి వేడి గాలే మళ్లీ ఫ్యాన్‌లోకి తిరిగొస్తుంది. ఆ ఖాళీని ఫోమ్ రింగుతో మూసేస్తే బయటి చల్లగాలి మాత్రమే లోపలికి వెళ్తుంది. ఎల్9 కూలర్ల కోసం నోక్టువా ఎన్ఏ-ఎఫ్‌డీ1 అనే కిట్ అమ్ముతుంది, ఫోమ్ షీట్ కత్తిరించి మీరు చేసుకున్నా అదే పని చేస్తుంది. వందో రెండొందలో పెట్టి తగ్గించుకోగలిగిన డిగ్రీల్లో ఇంతకంటే చవకైనవి లేవు.

గ్రాఫిక్స్ కార్డుని మర్చిపోవద్దు. ఆర్‌టీఎక్స్ 4070 ఒక్కటే 200 వాట్లు, 4080 అయితే 320. ప్రాసెసర్, కార్డు ఒకే గదిలో ఉండే ఎన్‌ఆర్200 లాంటి క్యాబినెట్లలో కార్డు వదిలిన వేడిగాలిని మీ కూలర్ పీల్చుకుంటుంది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని గదిలోనే పెట్టుకున్నట్టు. అందుకే ప్రాసెసర్‌కి ఒక్కదానికే టెస్ట్ నడిపి "78 డిగ్రీలే" అని సంబరపడితే గేమ్‌లో లెక్క తప్పుతుంది. కార్డు ఒక పక్క, బోర్డు ఒక పక్క ఉండే శాండ్‌విచ్ తరహా క్యాబినెట్లలో ఈ బాధ తక్కువ, కాకపోతే అక్కడ కూలర్ ఎత్తు తక్కువ. రెండూ ఒకేచోట దొరకవు.

వాటర్ కూలింగ్ పెడితే?

చిన్న క్యాబినెట్లలో 240 మి.మీ. ఏఐఓకి (పంపు, పైపులు, రేడియేటర్ కలిపి తయారుగా వచ్చే వాటర్ కూలర్) అర్థం ఉంది. 11 లీటర్ల లియన్ లీ ఏ4-హెచ్2ఓ దానికోసమే కట్టినట్టు ఉంటుంది, రేడియేటర్ పైన కూర్చుంటుంది, ప్రాసెసర్ వేడి నేరుగా బయటికి పోతుంది. ప్రాసెసర్ 150 వాట్లు దాటుతుంది, కూలర్‌కి 70 మి.మీ. కంటే ఎక్కువ ఎత్తు లేదు అనే పరిస్థితిలో ఇంకో దారి లేదు కూడా.

కొనేముందు మందం చూసుకోండి. మామూలు రేడియేటర్ 27 మి.మీ., ఫ్యాన్ 25, మొత్తం 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 పనితీరు బాగుంటుంది కానీ రేడియేటరే 38, ఫ్యాన్‌తో 63, చాలా చిన్న క్యాబినెట్లలో అది దూరదు. పైపులు ఎటు వంగుతాయో, పవర్ సప్లై కేబుళ్లకి తగులుతాయో లేదో కూడా చూడాలి. లోపలున్న కాస్త గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది, కాబట్టి పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు, రేడియేటర్‌లో కొంత భాగమైనా పంపు కంటే పైన ఉండాలి. ఇక పంపు అన్నది ఏదో ఒకనాడు ఆగిపోయే వస్తువు. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని పది నిమిషాల్లో మార్చేస్తారు. రోజంతా పని చేసుకునే మెషీన్ అయితే నేను ఎయిర్ వైపే మొగ్గుతాను.

మన ఎండాకాలం లెక్క

రివ్యూల్లో కూలర్లని సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. మే నెలలో బయట 44 ఉన్నప్పుడు రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో 36 ఉందనుకోండి. రివ్యూలో 22 డిగ్రీల గదిలో 80 చూపించిన కూలర్ మీ దగ్గర 94 చూపిస్తుంది, ఎందుకంటే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్నే పెరుగుతుంది. అంటే ఏఎం5 హద్దుకి ఒక్క డిగ్రీ దూరం. కూలర్ ఎంచుకునేటప్పుడు రివ్యూలో గది ఉష్ణోగ్రత ఎంతో చూసి, మీ గదికీ దానికీ ఉన్న తేడాని కలుపుకోండి. డెన్వర్‌లోనో డబ్లిన్‌లోనో ఉండే మీ తమ్ముడికి బ్రహ్మాండంగా పనిచేసిన సెట్టింగు గుంటూరులో మీకు పనిచేయకపోవడానికి కారణం ఇదే. బయోస్‌లో ఎండాకాలానికి ఒక ప్రొఫైల్, చలికాలానికి ఒక ప్రొఫైల్ సేవ్ చేసుకుంటే గొడవ వదిలిపోతుంది.

బిగించాక చేయాల్సినవి

సాకెట్ కిట్ సరిపోతుందో ముందే చూడండి. ఏఎం4కి సరిపోయే కూలర్లు చాలావరకు ఏఎం5కి కూడా బిగుస్తాయి, బోర్డుతో వచ్చే వెనక ప్లేటుని వాడుకునే రకం అయితే. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1200 కూలర్‌కి 1700లో కొత్త బ్రాకెట్ కావాలి, రంధ్రాల దూరం మారింది. ఏఎం5కి కూలర్‌ని కాస్త కిందికి జరిపి బిగించే ఆఫ్‌సెట్ బ్రాకెట్లు నోక్టువా ఇస్తుంది, కోర్లు మూతకి ఒక పక్కగా ఉంటాయి కాబట్టి ఒకటి నుంచి మూడు డిగ్రీల దాకా కలిసొస్తుంది. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకండి, ఒక్కోదానికి రెండేసి తిప్పులు ఇస్తూ మార్చి మార్చి బిగించండి.

తర్వాత ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని, ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ఆర్23ని పది నిమిషాలు నడపండి. ఒకసారి పక్క ప్యానెల్ పెట్టి, ఒకసారి తీసేసి. ప్యానెల్ తీసేస్తే పది డిగ్రీలు పడిపోయిందంటే మీ కూలర్ బాగానే ఉంది, క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదు, ఫ్యాన్ల దిశ మార్చడమో ఫోమ్ పెట్టడమో చేయండి. రెండు మూడు డిగ్రీలే తగ్గిందంటే కూలర్ సామర్థ్యం అంతే, అప్పుడు వాట్లు తగ్గించండి. కొత్త కూలర్ కోసం డబ్బు తీసేముందు ఈ టెస్ట్ చేసి తీరాలి. గాలి ఏ దిక్కుకి వెళ్తుందో అనుమానంగా ఉంటే ఒక టిష్యూ ముక్క చివర పట్టుకుని జాలీ దగ్గర పెట్టండి, లోపలికి అతుక్కుంటుందో బయటికి ఎగురుతుందో వెంటనే తెలిసిపోతుంది.

పీపీటీ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త, కొన్ని బోర్డుల్లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ మెనూ మిల్లీవాట్లలో అడుగుతుంది, 100 వాట్లు కావాలంటే 100000 అని కొట్టాలి. అదే మెనూలో ఉష్ణోగ్రత హద్దు కూడా ఉంటుంది, 85 పెట్టుకుంటే ఎండాకాలంలో ఫ్యాన్ అరుపు తగ్గుతుంది. కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 30 పెట్టి సినీబెంచ్ పాసైందని మురిసిపోకండి. అది సరిగా కుదరనప్పుడు బరువైన పనిలో నడిచిపోతుంది, ఖాళీగా బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు హఠాత్తుగా రీస్టార్ట్ అవుతుంది, ఎందుకంటే ఒక్క కోర్ మీద పని ఉన్నప్పుడే చిప్ అత్యధిక స్పీడుకి వెళ్తుంది. కోర్‌సైక్లర్ అనే టూల్ ఒక్కో కోర్‌నీ విడివిడిగా పరీక్షిస్తుంది, రాత్రంతా వదిలేయండి. తప్పు చూపించిన కోర్‌కి మాత్రం ఐదు పాయింట్లు పైకి, అంటే మైనస్ 30 ఉంటే మైనస్ 25కి, తెచ్చి మళ్లీ నడపండి.

కొనడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాళ్లు మీ క్యాబినెట్ కొలత, ర్యామ్ ఎత్తు, కార్డు మందం ఫోన్‌లో రాసుకుని వెళ్లండి, "పడుతుంది సార్" అన్న మాట మీద కాకుండా ఆ అంకెల మీద కొనండి. ఎత్తు కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అని బిల్లు వేయకముందే అడగండి, థర్మల్ పేస్టు (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసేది) పూసిన కూలర్‌ని ఎవరూ తీసుకోరు కాబట్టి ఇంటికి రాగానే పేస్టు లేకుండా ఒకసారి పెట్టి, ప్యానెల్ మూత పడుతుందో లేదో చూసుకోండి. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకోవచ్చు, చాలామంది చేసేదే, కాకపోతే ఫ్యాన్ పోయినా పంపు పోయినా వారంటీ కోసం మళ్లీ ఆయన్నే పట్టుకోవాలి. ఎయిర్ కూలర్‌కైతే పర్లేదు, ఏఐఓని మాత్రం ఇక్కడే బిల్లుతో కొనండి.